గట్టు ఆరంగుళాలు పెరిగింది, అత్తగారి మాట తగ్గింది

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఎనిమిది పేజీల ఉత్తరం కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడకు నలభై ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త రొయ్యల మేత కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. పొద్దున్న ఎనిమిదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదికి గానీ ఇంటికి చేరరు. బాబు పదో తరగతి, పాప ఏడో తరగతి. అత్తగారికి డెబ్భై ఒకటి, మోకాళ్ల నొప్పులు. ఇల్లు మావగారు 1994లో కట్టించింది. ఆయన పోయి నాలుగేళ్లయింది.

మొన్న దసరాకి అత్తగారు కాకినాడలో కూతురింటికి వెళ్లారు. ఆవిడ తిరిగొచ్చేలోపు ఇల్లు మార్చేసి సర్‌ప్రైజ్ ఇవ్వాలని భర్తకు ఆలోచన వచ్చింది. వారం రోజులు సెలవు పెట్టారు. చీటీ పాడిన రెండు లక్షలు చేతిలో ఉన్నాయి. సోమవారం పొద్దున్నే మేస్త్రి వచ్చి వంటింటి గట్టు పగలగొట్టాడు. ఆ పాత కడప బండ గట్టు 28 అంగుళాల ఎత్తుండేది, దాని స్థానంలో 34 అంగుళాల గ్రానైట్ గట్టు వచ్చింది. మూలన నేలలో పాతిన రుబ్బురోలు తీయించి, పగలగొట్టిన రాళ్లూ సున్నం రద్దుతో పాటు పంపేశారు. బాత్‌రూమ్‌లో పాత టాయిలెట్ తీసేసి వెస్టర్న్ కమోడ్, మెరిసే టైల్స్ వేయించారు. హాలుకి పుట్టీ, రంగు. పిల్లలిద్దరూ రెండు రోజులు కూర్చుని కిటికీలకున్న పాత రంగు గీకారు. హైదరాబాద్ నుంచి మరిది వచ్చి, కరెంటు పని తనే చూసుకున్నాడు. స్టవ్ వరండాలోకి మారింది. మూడు పూటలు ఆవకాయ అన్నం, రెండు పూటలు ఇడ్లీ పార్సిళ్లు. రాత్రుళ్లు అందరూ డాబా మీద వరసగా పడుకున్నారు. "పదహారేళ్ల కాపురంలో మా ఆయన అంత నవ్వడం నేను చూడలేదు" అని రాశారు. ఖర్చు మొత్తం 1,85,000.

ఆదివారం సాయంత్రం అత్తగారు వచ్చారు. వంటిల్లు చూసి "బాగుంది" అన్నారు. "రోలేదీ?" అని అడిగారు. "రద్దులో పోయిందమ్మా, మిక్సీ ఉందిగా" అన్నాడు కొడుకు. ఆవిడ గదిలోకి వెళ్లిపోయారు. ఆ మర్నాటి నుంచి ఇరవై రోజులుగా వంటింట్లోకి రావడం లేదు. కొత్త బాత్‌రూమ్ వాడకుండా పెరట్లో పాత దొడ్డికే వెళ్తున్నారు. ఏమడిగినా "మీ ఇష్టం, మీ ఇల్లు" అంటున్నారు. కాకినాడ నుంచి వదినగారు ఫోన్ చేసి "అమ్మని అడక్కుండా నాన్న కట్టిన ఇల్లు పగలగొట్టారట" అని తమ్ముణ్ణి నిలదీశారు. దీనికి తోడు హాల్లో బాత్‌రూమ్ వైపు గోడకి నేల నుంచి మూడడుగుల దాకా రంగు బుడగలు లేస్తోంది. భర్త మాత్రం ఆరు లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని డాబా మీద గది వేద్దామంటున్నారు. 11 శాతం వడ్డీ, ఐదేళ్లు. ఇల్లు ఇంకా మావగారి పేరునే ఉంది, వీలునామా లేదు.

"అంతా ఆవిడ సుఖం కోసం చేస్తే మాకే ఈ శిక్షా? ఆవిడకు ఎలా నచ్చజెప్పాలి? మా ఆయన్ని ఆపాలా, వద్దా? ఆ వారం మేం అంత సంతోషంగా ఉన్నామని తలుచుకుంటే ఇప్పుడు తప్పు చేసినట్టుంది" అని ముగించారు.

సమాధానం:

ముందు పీట సంగతి మాట్లాడదాం. ఐదో పేజీలో, వదినగారి ఫోన్ గొడవకి ముందు, ఒక్క మాట రాసి వదిలేశారు మీరు. అత్తగారు వచ్చిన మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి పీట లాక్కొచ్చుకుని, గట్టు ముందు వేసి, ఒక కాలు పెట్టి, మళ్లీ తీసేసి, పీట గోడకి చేరేసి వెళ్లిపోయారు. "అంత కోపం" అని పక్కన మీరే రాశారు. నాకు అందులో కోపం కనపడలేదు. అందుతుందో లేదో చూసుకున్నారు, అందలేదు.

లెక్కల టీచరు కదా, ఈ లెక్క కాస్త వేయండి. గట్టు 34 అంగుళాలు. దాని మీద స్టవ్ నాలుగైదు అంగుళాలు. దాని మీద పులుసు గిన్నె ఇంకో ఆరు. మొత్తం 44 అంగుళాలు దాటుతుంది. ఆవిడ మీ భుజం దాకా వస్తారన్నారు, మీరు ఐదడుగుల ఐదంగుళాలు. అంటే ఆవిడ నాలుగడుగుల పది అనుకుందాం, 58 అంగుళాలు. గిన్నె అంచు ఆవిడ చంక దాకా వచ్చింది. గరిటె తిప్పాలంటే మోచెయ్యి భుజం ఎత్తుకి లేపాలి, గిన్నెలో ఏముందో కనపడదు, పోపు చిటపటలాడితే మొహం మీదకే. వంట గట్టు మోచేతికి నాలుగు నుంచి ఆరంగుళాలు కిందుంటే పనికి హాయి, స్టవ్ పెట్టే చోటైతే ఇంకాస్త కిందికి. మావగారు ఏ పుస్తకమూ చూడకుండా 28 అంగుళాలు పెట్టించింది ఆవిడ కొలతకే అనుకుంటాను.

బాత్‌రూమ్ కూడా అంతే. మోకాళ్ల నొప్పులున్న మనిషికి వెస్టర్న్ కమోడ్ మంచిదే, మీ ఆలోచన తప్పు కాదు. కానీ పొట్టి మనిషి దాని మీద కూర్చుంటే పాదాలు నేలకి సరిగా ఆనవు. పట్టుకోడానికి గోడకి ఏమీ లేదు. కింద మెరిసే టైలు, దాని మీద నీళ్లు. డెబ్భై ఏళ్లు దాటినవాళ్లకి పడతామన్న భయం పైకి చెప్పుకోలేనంత పెద్దది. పడితే తుంటి విరుగుతుంది, మంచాన పడితే ఇంకొకరికి భారం. ఆ మాట పైకి అనలేక పెరట్లోకి నడుస్తున్నారేమో. దాన్ని మీరు అలక అనుకున్నారు.

ఇలా అన్నానని ఆవిడకు బాధ లేదని కాదు. ఉంది, రోలు దగ్గర తప్పకుండా ఉంది, దాని దగ్గరకి వస్తాను. కాకపోతే మీరు ఇరవై రోజులుగా మనసు ఎలా కరిగించాలా అని చూస్తున్నారు. ఇంట్లో కొన్నిచోట్ల ఆవిడ చెయ్యి అందడం లేదు, కాలు ఆనడం లేదు. అవి సరిచేయకుండా ఎంత నచ్చజెప్పినా ఆవిడ మళ్లీ ఆ గట్టు ముందుకే వచ్చి నిలబడాలి.

మీ వైపు కూడా ఒకటి చెప్పాలి. పదహారేళ్లు మీరు 28 అంగుళాల గట్టు ముందు నడుం వంచి వండారు. స్కూలుకి ముందు ఒక వంట, వచ్చాక ఒక వంట. నడుం నొప్పికి వాడిన బామ్‌ల గురించి ఒక పేరానే రాశారు. ఆ గట్టు ఎత్తించుకోవడం మీకు దక్కాల్సిందే, దానికి క్షమాపణ చెప్పక్కర్లేదు. "అంతా ఆవిడ సుఖం కోసం" అన్న మాట మాత్రం మానేయండి. గట్టు మీ సుఖం కోసం. ఆ మాట ఒప్పుకుంటే తర్వాత మాట్లాడ్డం తేలికవుతుంది. మన కోసం చేసుకున్నదాన్ని ఎదుటివాళ్ల ఖాతాలో రాస్తే వాళ్లకి తెలిసిపోతుంది. అత్తగార్లకి మరీ తొందరగా తెలుస్తుంది.

ఇప్పుడు వంటింట్లో ఏం చేయొచ్చు? రోలున్న మూల ఖాళీగా ఉందన్నారు. అక్కడ మూడడుగుల పొడుగున పాత ఎత్తులోనే చిన్న గట్టు కట్టించొచ్చు. మేస్త్రికి ఒకటి రెండు రోజుల పని. దాని మీద ఒక బర్నర్ స్టవ్ పెట్టుకుంటే ఆవిడ పులుసు ఆవిడే కాచుకుంటారు. చెబితే బాగానే ఉంది గానీ మన ఇళ్లలో ఒకే వంటింట్లో రెండో పొయ్యి వెలిగిందంటే దాని అర్థం వేరు. వేరు కుంపటి పెట్టించిందన్న మాట కాకినాడ చేరడానికి ఒక్క ఫోన్ చాలు. కాబట్టి ఆ మాట ఆవిడ నోటి నుంచి రావాలి, లేదా ఆవిడ ఉండగా వదినగారి ముందే అనుకోవాలి. మీరు కట్టించి చూపించారంటే రెండో సర్‌ప్రైజ్ అవుతుంది. ఒకటి సరిపోయింది.

లేదంటే ఆ మూల పొయ్యి లేకుండా ఉత్త గట్టే ఉంచి, దాని ముందు వెన్ను ఆనే కుర్చీ వేయొచ్చు. కూరలు తరగడం, పప్పు ఏరడం, పిండి కలపడం, పోపు సామాను సర్దడం అక్కడ. స్టవ్ మీరు చూసుకుంటారు. దీనికి ఖర్చు తక్కువ, ఆవిడ మోకాళ్లకి సుఖం, రెండు పొయ్యిలన్న మాట రాదు. కానీ నలభై ఏళ్లు వంట చేసిన మనిషికి తరిగే పని ఇచ్చి పొయ్యి మీరు ఉంచుకుంటే, తన చోటు తగ్గిందని ఆవిడకి అనిపించొచ్చు. కొందరికి అది హమ్మయ్య అన్నట్టుంటుంది, కొందరికి చిన్నతనం. మీ అత్తగారు ఏ రకమో మీకే తెలియాలి. ఇంత పెద్ద ఉత్తరంలోనూ నాకది తెలియలేదు. ఆవిడ ఏం వండితే బాగుంటుందో ఒక్కచోట కూడా రాయలేదు మీరు.

ఎత్తు పీట వేయించుకుని దాని మీద నిలబడమనడం మాత్రం వద్దు. మోకాళ్ల నొప్పులు, వేడి గిన్నెలు, పీట అంచు. అది ఆవిడే ఒక కాలు పెట్టి చూసి వద్దనుకున్నారు.

బాత్‌రూమ్‌కి ఆలస్యం చేయకండి, ఇది ఈ వారమే. కమోడ్ పక్క గోడకి, స్నానం చేసే చోట స్టీలు పట్టు కడ్డీలు వేయించండి. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల మధ్య వేయడం మామూలు. ఆవిడ పొట్టి కాబట్టి ఆవిణ్ణే నిలబెట్టి, చెయ్యి చాచమని, అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టాక బోల్టులు దించండి. తువ్వాలు వేసే రాడ్డు మనిషి బరువు ఆపదు, దాన్ని నమ్ముకోవద్దు. కమోడ్ ముందు పాదాలు ఆనేలా జారని చిన్న పీట. నేలకి గరుకు మ్యాట్ వేస్తే ఇవాళ్టికి గడుస్తుంది, కానీ మ్యాట్ రోజూ ఎత్తి ఆరేయాలి, అంచు ముడుచుకుంటే అదే కాలికి తగులుతుంది. కొన్నాళ్లాగి నేల వరకు టైల్స్ మార్చి గరుకువి వేయించుకుంటే నిశ్చింత. గోడ టైల్స్ ముట్టక్కర్లేదు. ఆ పెన్సిల్ గుర్తు పెట్టే పని పాపకి ఇవ్వండి. నాయనమ్మ చెయ్యి పట్టుకుని కొలవడానికి ఏడో తరగతి పిల్ల కన్నా మంచి మేస్త్రి దొరకదు.

ఇక రోలు.

తిరిగొచ్చాక ఆవిడ ఇంటి గురించి అడిగిన ప్రశ్న ఒక్కటే, "రోలేదీ?" దానికి వచ్చిన జవాబు "రద్దులో పోయిందమ్మా, మిక్సీ ఉందిగా". మీ ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, వారం రోజుల అలసటతో అన్నాడు. కానీ ఆవిడ మిక్సీ ఉందా లేదా అని అడగలేదు. ఇల్లు కట్టిన ఏడు భర్త తెప్పించి పాతించిన రాయి ఎక్కడుందని అడిగారు. దసరాకీ సంక్రాంతికీ దాని మీద ఎన్ని గారెల పప్పులు రుబ్బి ఉంటారో. మావగారు పోయిన తర్వాత ఈ ఇంట్లో "ఇది ఆయన నాకోసం పెట్టించింది" అని చూపించుకోడానికి ఆవిడకు గట్టూ రోలూ ఉన్నాయనుకుంటాను. రెండూ ఒకే సోమవారం పోయాయి, ఆవిడ ఊళ్లో లేనప్పుడు.

రాయి ఎక్కడికీ పోదు. రద్దు తీసుకెళ్లిన ట్రాక్టరు వాడు దాన్ని ఏ పల్లపు స్థలం పూడ్చడానికో పోసుంటాడు. మేస్త్రికి ఫోన్ చేస్తే ఎక్కడ పోశారో చెప్తాడు. మీ ఆయన్ని, బాబుని ఒక ఆదివారం వెళ్లి వెతకమనండి. దొరికితే తెచ్చి కడిగి, పెరట్లో నీడపట్టున ఎక్కడ వేయాలో ఆవిణ్ణి అడిగి వేయండి. ఆవిడ రుబ్బుతారని కాదు, మోకాళ్లతో కింద కూర్చోలేరు. దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే కూర్చుంటారు, లేకపోతే లేదు. దొరకకపోతే, దొరకలేదని వచ్చి చెప్పమనండి. కొత్త రోలు కొని తేవద్దు. వెతకడానికి వెళ్లాడన్నది ఆవిడ చూడాలి, దొరకడం తర్వాత సంగతి.

మాట్లాడేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లి ఆవిడ మంచం ముందు నిలబడొద్దు, పంచాయితీలా ఉంటుంది. రోలు గురించి కొడుకు చెప్పాలి. గట్టు గురించి మీరు చెప్పాలి. ఎవరు చేసింది వాళ్లు. మీరైతే ఇలా మొదలుపెట్టొచ్చు: "అత్తయ్యగారూ, నా నడుం కోసం గట్టు ఎత్తించుకున్నాను. మీకు అందదని నాకు తట్టలేదు. ఆ మూల ఏం చేద్దామంటారు?" అంతే. తర్వాత ఆగండి. "మీ ఇష్టం, మీ ఇల్లు" అని మళ్లీ అనొచ్చు. అంటే కూర చేతికిచ్చి తరగమని కూర్చోబెట్టేయకండి, "సరే, రేపు మళ్లీ అడుగుతాను" అని లేచి రండి. ఇరవై రోజుల మౌనం ఒక్క పూటలో విప్పాలని చూస్తే ఇంకో ముడి పడుతుంది. మా అమ్మ ఒకసారి వంటింటి కిటికీ విషయంలో నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు. నేను రోజూ సంజాయిషీ ఇచ్చుకున్నాను, అది నెల కావడానికి నా సంజాయిషీలే కారణమని తర్వాత తనే చెప్పింది.

ఇప్పుడు మీ ఆయన సంగతి. ఆపాలా వద్దా అని అడిగారు. అంతకంటే ముందు ఆయనకి ఏం కావాలో చూద్దాం. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన పేజీ రెండోది. ఆయన లుంగీ మడిచి కట్టి పుట్టీ కలపడం, పిల్లలు ఉండలు కడితే వాళ్లని తిట్టకుండా నవ్వడం, తమ్ముడితో కలిసి ఫ్యాన్ బిగిస్తూ చిన్నప్పటి కబుర్లు చెప్పుకోవడం, డాబా మీద నాలుగు పక్కలు. రోజూ రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చే మనిషి ఆయన. ఆ వేళకి పిల్లలు సగం నిద్రలో ఉంటారు. ఆ వారం ఆయనకి ఇంట్లో ఒక చోటు దొరికింది. చేతికి పని, పక్కన పిల్లలు, సాయంత్రానికి కంటికి కనపడే ఫలితం. ఆయన డాబా మీద గది అంటున్నారు గానీ ఆయన అడుగుతున్నది అలాంటి ఇంకో వారమేమో. నేను పొరపడి ఉండొచ్చు. "గది దేనికి?" అని అడిగి చూడండి. బాబు చదువుకి, మనం విడిగా ఉండడానికి, అద్దెకి అని వెంటనే సమాధానం వస్తే గది కావాలన్నమాట. "ఉంటే బాగుంటుంది కదా" అని ఆగిపోతే కావలసింది వేరే.

వేరే అయితే చవకలో ఉంది. నెలకో ఆదివారం ఇంటి పని అని పెట్టుకోండి. రోలు వెతకడం, బుడగల గోడ, కిటికీలు, పెరట్లో పాత దొడ్డికి లైటు. ఆవిడ ఇప్పటికీ రాత్రుళ్లు అక్కడికే వెళ్తున్నారంటే ఆ లైటు ఇవాళే వేయండి, ఆదివారం దాకా వద్దు.

నిజంగా గదే కావాలంటే డబ్బు లెక్క చూడండి. ఆరు లక్షలు, 11 శాతం, 60 నెలలు అంటే నెలకి దాదాపు 13,045 కట్టాలి. మొత్తం 7,82,000 పైచిలుకు. బాబు వచ్చే జూన్‌లో ఇంటర్‌లో చేరతాడు. ఆ ఫీజులు, ఈ వాయిదా రెండూ కలిసే రెండేళ్లు మీ ఇద్దరి జీతాలు తట్టుకుంటాయా అన్నది కాగితం మీద వేసి ఆయనకి చూపించండి. మార్చిలో పదో తరగతి పరీక్షలు. పైన సెంట్రింగ్ చెక్కలు దించుతుంటే కింద పిల్లాడు చదవలేడు, అది వేరే చెప్పాలా.

అంతకన్నా పెద్దది ఇల్లు ఎవరిదన్నది. మావగారు సొంత సంపాదనతో కట్టించి, వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ప్రతి కొడుక్కీ, ప్రతి కూతురికీ సమాన వాటా. మావగారు పోయేనాటికి ఆయన తల్లి బతికుంటే ఆవిడకూ ఒకటి. లేరనుకుంటే మీ ఇంట్లో నాలుగు వాటాలు. అందులో మీ ఆయనది పావు. "అక్కకి పెళ్లిలో ఇచ్చేశాం" అన్న మాట ఈ లెక్కలో చెల్లదు. అంటే మీ చీటీ డబ్బు 1,85,000 నలుగురి ఇంటి మీద పెట్టారు, ఇప్పుడు ఆరు లక్షలు అప్పు చేసి అదే నలుగురి డాబా మీద పెట్టబోతున్నారు. ఎవరికీ చెప్పకుండా కట్టేస్తే, రేపు పంపకాల నాడు ఆ ఆరు లక్షలు ఎవరి జ్ఞాపకం ఎంత బాగుంటే అంత. ముందే అందరూ కూర్చుని భాగ పంపిణీయో (ఎవరి వాటా ఏదో తేల్చే పత్రం), హక్కు విడుదలో (తన వాటా వదులుకునే పత్రం) రాసుకుని రిజిస్ట్రేషన్ చేయించుకుంటే గట్టి పని. కానీ ఆ మాట ఎత్తడానికి ఇది సమయం కాదు. అత్తగారు "మీ ఇల్లు" అంటున్న నెలలో మీరు కాగితాల మాట తెచ్చారంటే, సర్‌ప్రైజ్ వెనక ఇదా ఉద్దేశం అనుకుంటారు. నేనైతే వేసవి దాకా ఆగమంటాను. ఆగితే నష్టం కూలీ రేట్లు కాస్త పెరగడం. ఆగకపోతే నష్టం ఎంతో చెప్పలేం. ఈలోపు ఒక ఇంజినీరుకి ఇల్లు చూపించండి. పాత ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు, బరువంతా గోడలదే. పైన గది మోస్తుందో లేదో తేలకుండా లోన్ ఫారం నింపడం ఎందుకు? మునిసిపాలిటీ అనుమతి కూడా కావాలి, దానికీ ఇంటి కాగితాలే అడుగుతారు.

వదినగారి ఫోన్ గురించి ఎక్కువ చెప్పను. ఆవిడ మాట కటువుగా ఉంది, కానీ "నాన్న కట్టిన ఇల్లు" అన్నది నిజం. మీరు ఫ్యామిలీ గ్రూపులో జవాబు రాయొద్దు. తమ్ముడే ఫోన్ చేసి "అక్కా, అడగాల్సింది" అంటే చాలు.

గోడకి రండి. నేల నుంచి మూడడుగుల లోపే బుడగలంటే పై నుంచి స్లాబు కారడం కాదనుకోవచ్చు. బాత్‌రూమ్ వైపు గోడ కాబట్టి అనుమానం ముందు అటే. బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే జాలీ గుడ్డతో గట్టిగా మూసి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, అంచున గుర్తు పెట్టి ఒక రోజు చూడండి. మట్టం బాగా తగ్గితే, గోడ చెమ్మ పెరిగితే, నేల కిందో టైల్స్ సందుల్లోనో కారుతోంది. ఆ పరీక్ష చేసే రోజు అత్తగారి కడ్డీలూ పీటా రాకముందే పెట్టుకోండి. నీళ్లు తగ్గకపోతే అన్ని కుళాయిలూ కట్టేసి రాత్రి ట్యాంకు మట్టం చూసి, పొద్దున్న మళ్లీ చూడండి. తగ్గితే పైపు. రెండూ కాకపోతే గోదావరి డెల్టా నేల సంగతి మీకు తెలిసిందే, భూమిలో చెమ్మ పునాది మీదుగా గోడ ఎక్కుతుంది, ఉప్పు తెల్లగా పొంగుతుంది. దానికి మందు వేరు, కాస్త ఖర్చు. ఏదైనా గానీ కారణం ఆగాక, పుట్టీ గీకి, గోడ ఆరనిచ్చి, ఆ తర్వాతే రంగు. బాత్‌రూమ్ వైపు కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన వారంలోనే ఇటువైపు పుట్టీ పెట్టారన్నారు. కొత్త ప్లాస్టరింగ్‌కి వారం పైన నీళ్లు కొట్టడానికే సరిపోతుంది, రంగుకి నెలాగమంటారు. ఇప్పుడు అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, గోడలు ఆరవు. సంక్రాంతి తర్వాత చూసుకోండి. అంతదాకా ఆ బుడగలు అలా ఉండనివ్వండి, చుట్టాలు చూస్తే చూస్తారు.

కిటికీలు. 1994 నాటి ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ఆ దుమ్ము పిల్లలకి మంచిది కాదు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. పిల్లలు రెండు రోజులు పొడిగా గీకారు. కంగారు పడకండి గానీ, ఆ కిటికీల చుట్టూ చీపురు వేయకుండా తడిగుడ్డతో రెండుమూడుసార్లు తుడవండి. మిగిలిన కిటికీలు పిల్లలతో గీకించొద్దు. పెద్దవాళ్లు మాస్క్ పెట్టుకుని, తడిపి గీకాలి. మనసులో పీకుతుంటే పిల్లల డాక్టరుని అడగండి, రక్త పరీక్ష ఉంది.

ఆ వారం సంతోషంగా ఉన్నందుకు ఇప్పుడు తప్పనిపిస్తోందన్నారు. ఆ నాలుగు పక్కల్లో ఐదోది లేదు. అంతకుమించి తప్పేం లేదు అందులో. ఆవిణ్ణి డాబా ఎక్కించలేరు, కానీ హాల్లో వేసుకోవచ్చు. కార్తీకమాసం చలి బాగుంటుంది, ఆవిడకి మంచం, మీకు చాపలు.

చివరి పేజీలో కింద చిన్న అక్షరాలతో ఒకటి రాశారు. అత్తగారి గది తాళం వేసి ఉండడం వల్ల ఆ వారం దానికి రంగు వేయలేదని, డబ్బాలో నాలుగు లీటర్లు మిగిలాయని, కార్తీక సోమవారం ఆవిడ గుడికి వెళ్లినప్పుడు మీ ఆయన, బాబు కలిసి గది పూర్తి చేసేద్దామనుకుంటున్నారని. ఆ పని ఆపించండి. ఆవిడ ఇంట్లో ఉన్న రోజు గది తలుపు దగ్గర నిలబడి, రంగు వేయమంటారా, ఇదే రంగా, వేరేదా అని అడగండి. వద్దంటే మూత సుత్తితో చుట్టూ కొట్టి గట్టిగా బిగించి, మెట్ల కింద ఎండ తగలని చోట పెట్టేయండి. సంక్రాంతి దాకా ఆ రంగుకి ఏమీ కాదు.